ఓడ జెట్టీకి ఆనుతుందా, నడి నీళ్ళలో ఆగుతుందా?

క్రూయిజ్‌కి వెళ్ళొచ్చామని తెలిస్తే మా బరంపురంలో అందరూ మొదట తిండి గురించి అడుగుతారు, ఆ తర్వాత టికెట్ ధర అడుగుతారు. ఇంకా ఆసక్తి ఉన్నవాళ్ళు బాల్కనీ గది తీసుకోవాలా, కిటికీ లేని గది చాలా అంటారు. వీటన్నిటికీ జవాబులు ఇంటర్నెట్‌లో కావలసినన్ని దొరుకుతాయి. నేను రాయాలనుకున్నది వేరే సంగతి. ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఉంటే, ఓడల్ని పోల్చుకునేటప్పుడు అన్నిటికంటే ముందు చూసుకోవలసింది ఒక్కటే. ఆ ఓడ ప్రతి ఊళ్ళోనూ జెట్టీకి ఆనుతుందా, లేక దూరంగా లంగరేసి జనాన్ని చిన్న బోట్లలో ఒడ్డుకు చేరుస్తుందా? దీని గురించి మాకు ముందుగా ఎవ్వరూ చెప్పలేదు. చెప్పవలసిన మనిషి అడిగినా చెప్పలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

మేం ఐదుగురం వెళ్తాం. నేను, మా వారు, పిల్లలిద్దరు, మా అత్తయ్య. అత్తయ్యకి ఎనభై దగ్గరపడుతోంది. ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తారు గానీ బయటికి వెళ్తే చక్రాల కుర్చీ తప్పదు. అయినా ప్రయాణం అంటే అందరికంటే ముందు పెట్టె సర్దుకునేది ఆవిడే.

మాకు ఈ సరదా పట్టుకున్నది 2022లో, కోర్డేలియా ఓడ విశాఖకి వచ్చినప్పుడు. పొద్దున్నే మా ఊళ్ళో రైలెక్కితే మధ్యాహ్నానికల్లా విశాఖలో ఉంటాం. పాస్‌పోర్టు గొడవ లేదు, వీసా లేదు. భోజనంలో పప్పూ కూరా ఉన్నాయి, పనివాళ్ళతో హిందీలో మాట్లాడుకోవచ్చు. మొదటిసారి ఓడెక్కేవాళ్ళకి ఇంతకంటే సుఖమైన దారి లేదని అప్పట్లో కనపడ్డవాళ్ళందరికీ చెప్పాను. మరుసటి ఏడు, 2023లో, విశాఖ పోర్టులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు. ఓడ అక్కడ జెట్టీకే ఆనుతుంది కాబట్టి ఎక్కడం దిగడం పెద్దవాళ్ళకి కష్టం కాదు.

తర్వాత సింగపూర్ వెళ్ళి జెంటింగ్ డ్రీమ్ ఎక్కాం. విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉంది, మాకు అదే అనుకూలం. ఈ ఓడని 2016లో జర్మనీలోని పాపెన్‌బుర్గ్‌లో కట్టారు. దాన్ని మొదట నడిపిన కంపెనీ 2022లో మూతపడితే, అదే ఏడు రిసార్ట్స్ వరల్డ్ క్రూయిజెస్ పేరుతో మళ్ళీ నీళ్ళమీదికి వచ్చింది. లక్షన్నర టన్నుల ఓడ. మేం విశాఖలో ఎక్కినదానికి మూడింతలు. శాకాహారం, జైన భోజనం విడిగా దొరుకుతాయి. అత్తయ్య వెంట తెచ్చుకున్న మన అప్పడాల ప్యాకెట్టు విప్పకుండానే ఇంటికి వచ్చేసింది.

నా మనసులో నిలిచిపోయింది మాత్రం మలేషియాలోని పెనాంగ్ దీవి. అక్కడ ఓడ వచ్చి ఆగేది జార్జ్ టౌన్ ఊరి నడిబొడ్డున ఉన్న స్వెట్టెన్‌హామ్ పియర్‌లో. గ్యాంగ్‌వే మీంచి, అంటే ఓడ నుంచి జెట్టీకి వేసే వంతెన మీంచి, అత్తయ్య కుర్చీని మా వారు వెనక్కి తిప్పి నెమ్మదిగా దించారు. టెర్మినల్ దాటి బయటికొస్తే ఇక ఊరే. టాక్సీ కూడా అక్కర్లేకపోయింది. కుర్చీ తోసుకుంటూ కార్న్‌వాలిస్ కోట పక్కనుంచి లిటిల్ ఇండియా దాకా వెళ్ళిపోయాం. క్వీన్ స్ట్రీట్‌లో మహామారియమ్మన్ గుడి ఉంది, 1833 నాటిది. అత్తయ్య గుడి ముందు కుర్చీ ఆపించి, చెప్పులు విప్పి, నా చెయ్యి పట్టుకుని తానే నడిచి లోపలికి వెళ్ళారు. బయటికొచ్చాక "మన ఠాకురాణి అమ్మవారిలాగే ఉందే తల్లి" అన్నారు. సాయంత్రం ఓడ కదిలేదాకా ఆవిడ మొహంలో అలసట లేదు. ఇంకేముంది, క్రూయిజ్ అంటే మా ఇంటికే తగిన ప్రయాణం అనుకున్నాం.

ఆ నమ్మకంతోనే ఇంకో దసరా సెలవులకి సింగపూర్ నుంచి బయలుదేరే మరో పెద్ద ఓడ బుక్ చేశాం. ఓడ పేరు రాయడం లేదు. ఈ ఇబ్బంది ఏ కంపెనీ ఓడలోనైనా వచ్చేదే. మజిలీల్లో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ ఉంది. ఈసారి ఒక ట్రావెల్ ఏజెంటు ద్వారా వెళ్ళాం. అత్తయ్య సంగతి వివరంగా చెప్పి, కుర్చీతో అన్నిచోట్లా దిగొచ్చా అని అడిగాం. "మేడం, షిప్ మొత్తం వీల్‌చెయిర్ ఫ్రెండ్లీ. అమ్మగారి గురించి మీకు ఏ టెన్షనూ వద్దు" అన్నాడు. ఫుకెట్‌లో రోజంతా తిరగడానికి కారు కూడా తనే మాట్లాడి ముందే డబ్బు తీసుకున్నాడు.

ఆ రోజు పొద్దున అత్తయ్య అందరికంటే ముందు లేచారు. తలస్నానం చేసి, బరంపురం పట్టుచీర కట్టుకుని, చేతిసంచీలో మందులూ మంచినీళ్ళ సీసా పెట్టుకుని కూర్చున్నారు. మేం బాల్కనీలోంచి చూస్తే ఒడ్డు దూరంగా కనిపిస్తోంది. ఓడ పటాంగ్ తీరానికి అవతల లంగరేసి ఆగింది. నెంబర్లున్న చీటీలిచ్చారు. మా నెంబరు పిలిచాక లిఫ్టులో కింది డెక్కుకి వెళ్ళాం.

అక్కడ ఓడ పక్కగోడలో ఒక పెద్ద తలుపు తెరిచి, నీళ్ళకి జానెడు పైన ఒక ఇనుప వేదిక దించి ఉంది. దాని పక్కన బోటు. అది ఓడ సొంత లైఫ్‌బోటే, ఇలాంటి ఊళ్ళలో జనాన్ని దించడానికి వాడతారు. టెండర్ అంటారు. తాళ్ళతో కట్టారు గానీ అల వచ్చినప్పుడల్లా బోటు బావిలో చేదలా లేచి పడుతోంది. ఒకసారి వేదికతో సమంగా ఉంటుంది, మరుక్షణం మోకాలి లోతుకి దిగిపోతుంది. ఇద్దరు మనుషులు అటొకరు ఇటొకరు నిలబడి, బోటు పైకి వచ్చిన ఆ ఒక్క క్షణంలో ప్రయాణికుల మోచేతులు పట్టి లోపలికి అందిస్తున్నారు. కుర్రాళ్ళు కూడా ఒక్క క్షణం తటపటాయించి అడుగు వేస్తున్నారు.

మా వంతు వచ్చింది. వేదిక దగ్గరున్న అబ్బాయి కుర్చీ వైపు చూశాడు, తర్వాత అత్తయ్య మొహం వైపు చూశాడు. హిందీలో చాలా మర్యాదగా అడిగాడు. "మాతాజీ, నేను చెప్పినప్పుడు మీరే ఒక అడుగు వెయ్యగలరా?" అత్తయ్య వెంటనే "వేస్తాను" అన్నారు. కుర్చీ చేతుల మీద బలం మోపి లేచి నిలబడ్డారు కూడా. సరిగ్గా అప్పుడే పెద్ద అల వచ్చింది. బోటు దబ్బున కిందికి పోయి అంచు వేదికకి కొట్టుకుంది. ఆ అబ్బాయి అరచెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దమ్మా. ఈ రోజు సముద్రం బాగాలేదు. క్షమించండి."

అతని మీద నాకు ఇసుమంత కోపం లేదు. అతను చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని. వెనక బారుగా జనం నిలబడి ఉండగా, పట్టుచీర కట్టుకున్న ఆవిడ కుర్చీని మళ్ళీ వెనక్కి తిప్పవలసి రావడమే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. లిఫ్టు ఎక్కేదాకా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. గదికి వచ్చాక "మీరందరూ వెళ్ళి రండి, నాకేం భయం లేదు" అన్నారు. మా వారు పిల్లల్ని తీసుకుని వెళ్ళారు, నేను ఉండిపోయాను.

మధ్యాహ్నం డెక్కు మీద కూర్చున్నాం. పై నుంచి చూస్తే బోట్లు వస్తూ పోతూ ఉన్నాయి. అత్తయ్య ఉన్నట్టుండి వాళ్ళ నాన్నగారి కబుర్లు మొదలుపెట్టారు. ఆయన గోపాలపూర్‌లో స్టీమరెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళిన మనిషి. మన గంజాం జిల్లా నుంచి ఆ కాలంలో వేలమంది కూలికి అలాగే వెళ్ళారు. గోపాలపూర్‌లో స్టీమర్ ఒడ్డుకి వచ్చేది కాదు, దూరంగా లంగరేసేది. మేకులు కొట్టకుండా కొబ్బరి తాడుతో కుట్టిన మసూలా పడవల్లో కెరటాలు దాటించి జనాన్ని దాని దగ్గరికి చేర్చేవారు. 1942లో జపాన్ వాళ్ళు బర్మాలోకి వచ్చాక ఆయన అడవుల వెంట నడిచి ఇల్లు చేరారట. "మా నాన్న నెత్తిమీద మూట పెట్టుకుని ఆ పడవ ఎక్కేవాడు. నేను ఉత్త చేతుల్తో ఎక్కలేకపోయాను" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చాక ఏజెంటుని అడిగాను. కారు డబ్బు వెనక్కి రాదన్నాడు. "సముద్రం సంగతి మేమెలా చెప్పగలం మేడం?" అన్నాడు. సముద్రం సంగతి ఎవరూ చెప్పలేరు, నిజమే. కానీ ఓడ జెట్టీకి ఆనుతుందా లంగరేస్తుందా అన్నది ఆ రోజు తేలే విషయం కాదు. చాలా కంపెనీలు ప్రయాణ వివరాల్లో ఊరి పేరు పక్కనే డాక్డ్ అనో టెండర్డ్ అనో చిన్న అక్షరాలతో వేస్తాయి. టెండర్ అయితే చక్రాల కుర్చీలోని వాళ్ళని ఎక్కించుకోవాలా వద్దా అన్నది సముద్రాన్ని బట్టి ఓడవాళ్ళే నిర్ణయిస్తారని షరతుల్లో ఉంటుంది. ఇది చూసి చెప్పడానికే కదా మనం ఏజెంటు దగ్గరికి వెళ్ళేది?

కాలం కూడా చూసుకోవాలి. పటాంగ్ ఫుకెట్ దీవికి పడమటి వైపున ఉంది, ఎదురుగా అంతా అండమాన్ సముద్రం. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలులతో అలలు నేరుగా అటే వస్తాయి. నవంబరు తర్వాత అదే నీళ్ళు నెమ్మదిస్తాయి. పెనాంగ్ సంగతి వేరు. అక్కడ రేవు దీవికి తూర్పు వైపున, దీవికీ ప్రధాన భూమికీ మధ్య ఉంది. పైగా మలక్కా జలసంధికి సుమత్రా దీవి అడ్డుగోడగా ఉంటుంది. అందుకే అక్కడ ఓడ కదులుతోందా లేదా అన్నట్టుంటుంది.

కాబట్టి జెంటింగ్ డ్రీమ్ గురించి పైన అంత సంతోషంగా రాసిందాంట్లో సగం పొగడ్త పెనాంగ్ రేవుకి చెందాలి. అదే ఓడ వేరే మజిలీకి వెళ్తే అక్కడ ఎలా దించుతారో మళ్ళీ విడిగా అడగాల్సిందే. జెట్టీకి ఆనినచోట కూడా ఆటుపోట్లని బట్టి గ్యాంగ్‌వే వాలు మారుతుంది. మేం దిగినప్పుడు హాయిగానే ఉంది గానీ, తిరిగి ఎక్కేటప్పుడు వాలు పెరిగి, కుర్చీ తొయ్యడానికి ఓడ మనుషులు ఇద్దరు సాయం పట్టవలసి వచ్చింది. అలాగే విశాఖ ఓడని మొదటిసారి వాళ్ళకి ఇప్పటికీ చెబుతాను. అయితే అది 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో మొదలైన ఓడ, ఆ కాలపు ఓడల్లో బాల్కనీ గదులు తక్కువే. దాని దారిలో పుదుచ్చేరి, లక్షద్వీప్ లాంటివి ఉంటే అక్కడ పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేవు, చిన్న బోటే గతి. లక్షద్వీప్‌లో పగడపు దిబ్బలు అడ్డం. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఆ రోజుని ఓడలోనే గడిపే రోజుగా లెక్కేసుకుని బయలుదేరితే మంచిది.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. చక్రాల కుర్చీ సొంతది తీసుకెళ్ళండి. ఓడలో ఇచ్చేవి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మాత్రమే. మామూలు గదుల్లో బాత్రూం గడప ఎత్తుగా ఉంటుంది, గుమ్మాలు ఇరుకు. గడప లేని గదులు చాలా ఓడల్లో కొన్ని ఉంటాయి, అవి నెలల ముందే అయిపోతాయి. సింగపూర్‌లో ఎక్కి మళ్ళీ సింగపూర్‌లోనే దిగుతాం కాబట్టి వీసా రెండోసారి ప్రవేశానికి కూడా పనికొచ్చేదై ఉండాలి. పెద్దవాళ్ళకి ప్రయాణ బీమా తప్పకుండా చేయించండి. ఓడలో డాక్టరు ఉంటారు గానీ ఆ బిల్లు మన లెక్కలోంచే పోతుంది.

ఏ ఓడ మంచిదని అడిగితే పిల్లలు ఇప్పటికీ ఫుకెట్ వెళ్ళిన ఓడ పేరే చెబుతారు. దాని కొలనులు, రాత్రి ప్రదర్శనలు, ఆటలు జెంటింగ్ డ్రీమ్ కంటే వాళ్ళకి బాగా నచ్చాయి. అందరికీ కాళ్ళు బాగున్న ఇల్లయితే నేనూ దానికే ఓటేస్తాను. మా ఇంటికి మాత్రం ప్రస్తుతానికి పెనాంగ్‌కో పోర్ట్ క్లాంగ్‌కో వెళ్ళి జెట్టీకి ఆనే ఓడే. పోర్ట్ క్లాంగ్ నుంచి కౌలాలంపూర్ ఊళ్ళోకి వెళ్ళాలంటే కారులో గంట పైనే పడుతుంది, అది అత్తయ్య ఓపికని బట్టి. డాక్టరు గారు అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ మాట ఎత్తారు. అది అయి, కోలుకుని, మెట్లు ఎక్కగలిగితే అప్పుడు జనవరి, ఫిబ్రవరిల్లో ఫుకెట్‌కి ఇంకోసారి వెళ్దామని ఆవిడే అంటున్నారు. అప్పటికి ఏ ఓడ ఏ దారిలో తిరుగుతుంటుందో చూసి, ఈసారి కంపెనీ వాళ్ళకే నేరుగా ఉత్తరం రాసి, ప్రతి ఊరికీ జవాబు రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు కడతాను.