ఆ మూడు రోజుల శిక్షణ, ఒక వానాకాలం తర్వాత

మా అంగన్‌వాడీ కేంద్రం విజయవాడ సింగ్‌నగర్‌లో ఒక సందులో ఉంది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు వాగు పొంగి మా సందులోకి వచ్చింది. తూకం యంత్రం, బొమ్మలు, రిజిస్టర్లు అన్నీ బురదలో కలిశాయి. కేంద్రం మళ్లీ తెరిచాక వచ్చింది పాత పిల్లలే, తీరు మాత్రం వేరు. గలగలా మాట్లాడే నాలుగేళ్ల పాప నోరు విప్పడం మానేసింది. ఒక బాబు బక్కెట్టులో నీళ్లు పడే చప్పుడు వింటే చాలు, బల్ల కింద దూరేవాడు. ఇద్దరు మళ్లీ పక్క తడుపుతున్నారని తల్లులు చెప్పారు.

2025 జనవరిలో ఒక స్వచ్ఛంద సంస్థ మాకు మూడు రోజుల శిక్షణ ఇచ్చింది. పెద్ద భయం చూసిన చిన్నపిల్లలతో ఎలా మెలగాలన్నది విషయం. ఇలాంటి వాటి మీద అభిప్రాయం చివరి రోజు సాయంత్రమే రాయించుకుంటారు. భోజనం బాగుంది, మేడమ్ బాగా చెప్పారు అని రాసి బస్సెక్కుతాం. నేనూ అదే రాశాను. ఏడాది దాటింది కనుక ఇప్పుడు సరిగ్గా రాస్తున్నాను.

మొదటి రోజు మెదడు పాఠం. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, దాని మీద నాలుగు వేళ్లూ మూస్తే, ఆ పిడికిలి ప్రశాంతంగా ఉన్న మెదడు అనుకోవాలి. భయం కమ్మగానే నాలుగు వేళ్లూ లేచిపోతాయి, ఆలోచించే భాగం చేతికందదు. అప్పుడు "ఎందుకు ఏడుస్తున్నావు?" అని అడిగితే పిల్లల దగ్గర జవాబు ఉండదు. ఇరవై ఏళ్లుగా నేను మొదట చేసే పనే అది, అడగడం. ఇప్పుడు మాట్లాడకుండా పక్కన కూర్చుంటున్నాను. కాసేపటికి ఊపిరి ఆట మొదలుపెడతాను. శిక్షణలో కొవ్వొత్తిని ఊదినట్టు ఊదించమన్నారు. మా పిల్లలకు కొవ్వొత్తి అంటే కరెంటు లేని ఆ రాత్రులే. అందుకని వేడి పాలు ఊదమంటాను.

అన్నిటికన్నా పనికొచ్చింది, ఏ పనైనా చేసేముందు చెప్పడం. మోటారు వేసే ముందు, "ఇప్పుడు నీళ్ల చప్పుడు వస్తుంది, పది లెక్కపెట్టేసరికి ఆగుతుంది" అంటాను. అందరం లెక్కపెడతాం. ఆ బాబు మొదట బల్ల కింద నుంచే లెక్కపెట్టేవాడు, మార్చి నాటికి బయటికి వచ్చాడు. జూలైలో పెద్ద వాన పడితే గుమ్మం దాకా వెళ్లి చూసి, "టీచర్, ఇది పదికి ఆగదు" అన్నాడు. నిజమే, ఆగలేదు. లెక్క సాగించాం. ఇరవై తొమ్మిది తర్వాత ఇరవై పది, ఇరవై పదకొండు వచ్చాయి. ఆ రోజు నేను దిద్దలేదు.

ఆట గురించి చెప్పింది కూడా విలువైనదే. వరదలో డ్రోన్లతో ఆహార పొట్లాలు వేశారు కదా, మా పిల్లలకు నెలల తరబడి అదే ఆట. ఒకరు డ్రోన్, మిగతావారు డాబా మీద నిలబడి చేతులు చాపడం. చూడలేక ఆపించేదాన్ని. ఆపవద్దు, ఆట ముగింపు మారుతోందా లేదా గమనించండి అన్నారు. మారింది. మొదట్లో పొట్లం నీళ్లలో పడేది. తర్వాత చేతికి అందింది. వేసవికల్లా అందులో బిర్యానీ వచ్చింది.

ప్రశాంతమైన మూల ఏర్పాటు చేయమన్న సలహా మాత్రం మా దగ్గర బెడిసికొట్టింది. ఉన్నది ఒక్క గది. బియ్యం బస్తాల పక్కన చాప వేశాను. మన ఇళ్లలో మూలకు పంపడమంటే శిక్ష కదా, మూడో రోజుకే పిల్లలు ఒకరినొకరు "నిన్ను మూలకు పంపిస్తా" అని బెదిరించుకున్నారు. మూల అనే మాట తీసేసి, చాప నడి గదిలోకి మార్చాను. ముఖాల బొమ్మల కార్డులు బాగున్నాయి, అంతే.

ఇక లోపాలు. అవసరమైతే నిపుణుల వద్దకు పంపండి అని ఒక్క వాక్యంలో తేల్చారు. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 గోడకు అంటించాను. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, తల్లులకు ఉపయోగపడింది. మాట ఆగిన పాపను మాత్రం ఎవరైనా ఎదురుగా కూర్చుని చూడాలి. తల్లి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లింది, రెండు రోజుల కూలి పోయింది, మూడోసారి వెళ్లలేదు. పాప ఇప్పుడు ఆయాతో గుసగుసగా మాట్లాడుతుంది, నాతో ఇంకా లేదు.

టీచర్ల మనసు గురించి చివరి రోజు అరగంట కేటాయించారు. సర్టిఫికెట్లు పంచడంలో ఆ అరగంట పోయింది. నా ఇల్లూ ఛాతీ లోతు నీళ్లలోనే ఉంది. ఆ గదిలో చాలామంది ఇళ్లు అంతే.

అసలు కోపం మరొకటి. ఆయాలను పిలవలేదు. పిల్ల బెదిరితే ముందు పట్టుకునేది ఆమె కొంగు. నేను ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్‌లో హాజరు వేస్తుంటే పిల్లల దగ్గర ఉండేదీ ఆమే. నేర్చుకున్నదంతా మధ్యాహ్నాలు పిల్లలు పడుకున్నాక ఆమెకు చెప్పాను. సగం విని, "అక్కా, చప్పుడు సంగతి సరే, వాసన సంగతి చెప్పలేదా?" అని అడిగింది. బురద వాసన తగిలితే ఇద్దరు పిల్లలు అన్నం ముట్టడం లేదని ఆమె అప్పటికే కనిపెట్టింది. కాలువ పూడిక తీసే రోజున కిటికీలు మూసి, అన్నం గంట ఆలస్యంగా పెడుతోందట. నేను చూడనే లేదు.

మళ్లీ ఈ శిక్షణకు పిలిస్తే వెళ్తాను, ఆయాకు కూడా కుర్చీ వేస్తామంటేనే.