‘అండ్’కు ముందు కామా: పెట్టాలా, వద్దా?

‘రైస్, దాల్, అండ్ కర్డ్’ అని రాసినా, ‘రైస్, దాల్ అండ్ కర్డ్’ అని రాసినా ఇంగ్లీషులో తప్పు కాదు. మొదటిది ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ పాటించే పద్ధతి, అందుకే దాన్ని ఆక్స్‌ఫర్డ్ కామా అంటారు. రెండోది ఎక్కువగా పత్రికల పద్ధతి. అసోసియేటెడ్ ప్రెస్ కూడా చిన్న జాబితాల్లో ఈ కామాను వదిలేస్తుంది.

ఒప్పందాలు, చట్టాల దగ్గర మాత్రం ఇది చిన్న విషయం కాదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓవర్‌టైమ్ వర్తించని పనుల జాబితా చివర ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని ఉండేది. ‘ఆర్’ ముందు కామా లేదు. మరి పంపిణీ విడిగా ఒక పనా, లేక పంపిణీ కోసం చేసే ప్యాకింగా? ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు సరుకు పంపిణీ చేసేవాళ్లు, ప్యాకింగ్ వాళ్ల పని కాదు. అందుకే తమకు ఓవర్‌టైమ్ రావాలని కోర్టుకెళ్లారు. వాక్యం అస్పష్టంగా ఉందంటూ 2017లో అప్పీలు కోర్టు వాళ్ల పక్షానే నిలిచింది. 2018లో సంస్థ 50 లక్షల డాలర్లకు రాజీపడింది. తర్వాత ఆ జాబితాలో కామాల బదులు సెమికోలన్లు వచ్చాయి.

అందుకే ఆఫీసు ఉత్తరాల్లో, ఒప్పందాల్లో కామా పెట్టమనే నా సలహా. అయితే ‘మై బ్రదర్, ఎ డాక్టర్, అండ్ మై కజిన్’ అంటే డాక్టర్ మన అన్నేనా, మూడో మనిషా? ఇక్కడ కామాయే చిక్కు తెచ్చింది. ఇలాంటప్పుడు పదాల వరస మార్చి రాయండి.