కంచరపాలెం మేడ మీద ఆర్‌సీ రిపేర్: మా పిట్స్ బైప్లేన్ దారికొచ్చింది

వైజాగ్‌లో ఆర్‌సీ విమానాలకి, అంటే రిమోట్‌తో ఎగరేసే మోడల్ విమానాలకి, సెటప్ చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని చాలామంది అడుగుతున్నారు కదా, అందుకే రాస్తున్నా. షాపు అంటే బోర్డేం ఉండదు, కంచరపాలెంలో ఒకింటి మేడ మీద గది, గోడలకి వేలాడే రెక్కలు, పాత టేబులు ఫ్యాను, పెద్దాయన ఒక్కరే. అందరూ మాస్టారు అంటారు, నేనూ అలాగే పిలుస్తున్నా.

నాది తేలికైన బాల్సా చెక్కతో చేసిన పిట్స్, ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలుండే బైప్లేన్, ఫోర్ సెల్ లైపో బ్యాటరీ మీద నడుస్తుంది, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. అసలు పిట్స్ 1944లో మొదటిసారి ఎగిరింది, పల్టీలకే పుట్టిన విమానం అది, నాదేమో నేరుగా ఎగిరినంతసేపూ బుద్ధిమంతురాలే, పల్టీ కొట్టించబోతే చాలు మొండికేసేది. లూప్ (నిలువుగా గుండ్రంగా తిరగడం) గట్టిగా లాగితే పైకి చేరేసరికి ఎడమ రెక్క జారిపోయి పక్కకి తిరిగిపోవడం, ఇన్వర్టెడ్‌లో, అంటే తలకిందులుగా ఎగిరేటప్పుడు, డౌన్ ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక రేకు) బాగా పట్టుకోకపోతే ముక్కు నేలచూపులు చూడటం, స్నాప్ రోల్ (చటుక్కున ఒక్క గిరికీ కొట్టడం) అయితే అసలు స్నాపే లేదు, బద్ధకంగా పీపాలా దొర్లేది.

సిటీలో ఒక షాపులో చూపిస్తే సర్వోలు (రెక్క, తోక రేకుల్ని కదిపే చిన్న మోటార్లు) నాలుగూ మార్చేయాలన్నారు, మార్చారు, బిల్లు బాగానే పడింది, విమానం మాత్రం ఎక్కడిదక్కడే, పైగా రేడియోలో మిక్సింగ్ (ఒక కంట్రోల్ కదిపితే ఇంకోటి దానంతటదే కదిలే సెట్టింగు) మీద మిక్సింగ్ పెట్టి పంపించారు. మాస్టారు మొదట చేసిన పని ఆ మిక్సింగులన్నీ తీసిపారేయడం. "ఏటి బాబూ, రోగం ఒంట్లో ఉంటే మందు రిమోట్‌కి వేస్తారేటి" అన్నారు.

తర్వాత సీజీ, అంటే విమానం బరువు బ్యాలెన్సయ్యే చోటు. ఇక్కడే చాలా బైప్లేన్లు దెబ్బతింటాయట. పిట్స్‌లో పై రెక్క కింద రెక్క కంటే ముందుకుంటుంది కదా, పై రెక్క ఒక్కదాన్నే కొలిచి మామూలు విమానంలాగా బ్యాలెన్స్ చేస్తే బరువు బాగా ముందుకెళ్ళిపోతుంది, రెండు రెక్కల సగటు వెడల్పు లెక్కేసి దాని ముందు అంచు నుంచి పావు, ముప్ఫై శాతం మధ్య పెట్టుకోవాలి. నాకు అమ్మినతను పై రెక్కనే నమ్ముకున్నాడు. బ్యాటరీని వెనక్కి జరిపి చూశారు, సరిపోక ముక్కులో అంటించిన సీసం ముక్క కూడా పీకేశారు. ఫీల్డ్‌లో టెస్ట్ కూడా సింపులే, నలభై అయిదు డిగ్రీల్లో పైకి పంపించి, తిప్పి ఇన్వర్టెడ్ చేసి ఎలివేటర్ వదిలేయాలి, వెంటనే నేలవైపు వాలిపోతే ముక్కు బరువు, నెమ్మదిగా కొంచెం వాలితే బాగున్నట్టు, పైకి వంగితే తోక బరువు.

కానీ లూప్ రోగం దీనితో పోలేదు. అప్పుడు ఇన్సిడెన్స్ మీటర్ తీశారు, రెక్కకి క్లిప్పులా పట్టించి కోణం చూసే పరికరం. ఎడమ వైపు పై రెక్క చివర, కుడి కంటే డిగ్రీన్నర ఎక్కువ ఉంది! ఎందుకో నాకేం అర్థం కాలేదు, ఆయన మాత్రం రెండు రెక్కల మధ్య ఉండే ఎన్ ఆకారం స్ట్రట్లు విప్పి టేబులు మీద పక్కపక్కన పెట్టి చూపించారు, ఎడమది కుడికీ కుడిది ఎడమకీ బిగించేశారు ఎవరో. పొడవులో తేడా వెంట్రుకవాసే, స్క్రూ పట్టకపోతే రెక్కని మెలిపెట్టి మరీ బిగించారు, చెక్కలో రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయి కనిపిస్తోంది. నేరుగా ఎగిరేటప్పుడు ట్రిమ్ (రేడియోలో పెట్టే చిన్న సర్దుబాటు) దీన్ని కప్పేస్తుంది, గట్టిగా లాగినప్పుడు మాత్రం ఎక్కువ కోణంలో ఉన్న రెక్క ముందు స్టాల్ అయి, అంటే గాలిలో నిలబెట్టే బలం పోయి, జారిపోతుంది. స్ట్రట్లు మార్చి, రంధ్రాలు పూడ్చి మళ్ళీ డ్రిల్ చేసి, మార్కర్‌తో ఎడమ, కుడి అని రాసిచ్చారు. కొత్త సర్వోలకి పోసిన డబ్బు గుర్తొచ్చి కడుపు మండింది.

చిన్న పనులు ఇంకొన్ని చేశారు. పై ఐలరాన్‌ని (విమానాన్ని పక్కకి దొర్లించే రెక్క రేకు) కింద ఐలరాన్‌తో కలిపే రాడ్‌లో లూజు ఉంది, వేలితో కిందది కదిపితే పైది కాస్త ఆగి కదిలేది, ఆ లింకులు మార్చారు. మోటారు మౌంట్ వెనక ఎడమ పక్క పల్చని వాషర్లు వేసి మోటారుని కొంచెం కుడికి తిప్పారు, నిలువుగా పైకెళ్ళేటప్పుడు ఎడమకి లాగడం తగ్గింది. బ్యాటరీ కనెక్టర్ మీద పచ్చగా చిలుము పట్టింది, బీచ్ పక్క ఇల్లున్నవాళ్ళు ఇది తప్పకుండా చూసుకోండి, మన ఉప్పుగాలికి ఏదీ ఆగదు. నైఫ్ ఎడ్జ్‌లో, అంటే రెక్కలు నిలువుగా పెట్టి ఎగిరేటప్పుడు, రడ్డర్ (తోక మీది నిలువు రేకు) వేస్తే విమానం చక్రాలవైపు వంగేది, దానికి మాత్రం చిట్టచివర రడ్డర్‌కి కొంచెం అప్ ఎలివేటర్ మిక్స్ పెట్టారు, అదొక్కటే.

టెస్ట్ ఆనందపురం దాటాక పొలాల దగ్గర, పొద్దున్నే, సముద్రపు గాలి లేవకముందే. ఊళ్ళో ఎగరేయమంటే ఆయన చచ్చినా ఒప్పుకోరు, ఊళ్ళోనే నేవీ వాళ్ళ విమానాల స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉంది, డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో చోటు చూపిస్తేనే బయల్దేరతారు. ఇప్పుడు లూప్ గుండ్రంగా వస్తోంది, స్నాప్ అనుకున్నచోట ఆగుతోంది. ల్యాండింగ్‌లో మాత్రం జాగ్రత్త, బైప్లేన్‌కి గాలి అడ్డు ఎక్కువ, థ్రాటిల్ పూర్తిగా మూస్తే రాయిలా దిగుతుంది, నేల తాకేదాకా కాస్త పవర్ ఉంచాల్సిందే, దీన్ని ఏ సెటప్పూ మార్చలేదన్నారు.

చిరాకులు లేవా అంటే ఉన్నాయి. ఫోన్ ఎత్తరు. రేపు అన్నది ఎల్లుండి కూడా కాదు, వారం దాటింది. బిల్లు ఇవ్వరు, నా దగ్గర లింకులు, వాషర్లు కలిపి 1,800 తీసుకున్నారు, పనికి అది తక్కువే. ఫోమ్ విమానాలు ముట్టుకోరు, పార్టులు విడిగా అమ్మరు, కొత్త బ్యాటరీ మీరే తెచ్చుకోవాలి. ఇంకోటి, రెక్కలు విప్పి తెస్తే వెనక్కి పంపేస్తారు, బిగించినవి బిగించినట్టే తీసుకెళ్ళాలి, మెట్లు బాగా ఇరుకు, తోక ముందు పెట్టుకుని ఎక్కండి.