లైప్‌జిగ్‌లో బాఖ్ క్రిస్మస్ ఒరటోరియో: ఏ సీటు, ఏ రోజు, ఎక్కడ బస

క్రిస్మస్ ఒరటోరియో అంటే కోరస్, ఆర్కెస్ట్రా కలిసి క్రీస్తు పుట్టుక కథను పాడే కృతి. దాన్ని వినడానికి జర్మనీలోని లైప్‌జిగ్ థామస్ చర్చికి వెళితే, గాయకులు మన ముందు నిలబడరు, వెనక నిలబడతారు. పడమటి గోడ దగ్గరున్న పై గ్యాలరీలో కోరస్, ఆర్కెస్ట్రా ఉంటాయి. కింద బెంచీలేమో తూర్పున ఉన్న బలిపీఠం వైపు తిరిగి ఉంటాయి. కింద టికెట్టు కొన్నవాళ్లకు పాట వెనక నుంచి, తల మీదుగా వస్తుంది. మెడ తిప్పినా పెద్దగా ఏమీ కనపడదు. ఉత్తరం, దక్షిణం వైపు గ్యాలరీల ముందు వరుసల్లో కూర్చుంటేనే వాయించేవాళ్ల చేతులు కనిపిస్తాయి. టికెట్టు మీద ‘ఓనె జిష్ట్’ అని ఉంటే వాద్యబృందం అసలు కనపడదని అర్థం. ‘ఐన్‌గెష్రెంక్టె జిష్ట్’ అంటే స్తంభమో రెయిలింగో అడ్డొస్తుంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు చాలామంది ధర చూసుకుంటారు గానీ ఈ మాటలు చూసుకోరు. తీరా చర్చికి వెళ్లాక గొణుక్కుంటారు.

మొదటిసారి వినేవాళ్లు డబ్బు పెట్టాల్సింది గ్యాలరీ సీటుకే. ఈ కృతిలో ఏ వాద్యం ఎప్పుడు లేస్తుందో చూడటమే సగం ఆనందం. సంగీతం ముందే తెలిసినవాళ్లకు కింద చౌక సీటు చాలు. అక్కడ గొంతులన్నీ చక్కగా కలిసి వినిపిస్తాయి, పైగా కళ్లు మూసుకుని వినేవాళ్లకు ఎటు తిరిగితే ఏం.

స్వరకర్త బాఖ్ ఈ చర్చికి 1723 నుంచి 1750లో చనిపోయేదాకా కాంటర్‌గా, అంటే చర్చి సంగీతానికి పెద్దగా, పనిచేశాడు. సమాధి కూడా బలిపీఠం ముందే ఉంది. క్రిస్మస్ ఒరటోరియో నిజానికి ఒకే సాయంత్రానికి రాసింది కాదు. ఆరు భాగాలనూ 1734 డిసెంబరు 25 నుంచి 1735 జనవరి 6 మధ్య ఆరు వేర్వేరు రోజుల్లో, ఈ చర్చిలోనూ నికోలై చర్చిలోనూ ఆరాధనలో భాగంగా పాడారు. ఇప్పుడు కచేరీల్లో సాధారణంగా 1–3 ఒక పూట, 4–6 మరో పూట పెడతారు. కొన్నిచోట్ల ఆరూ కలిపి పాడతారు. మొదటి మూడూ గంటన్నర పడతాయి, మొత్తం ఆరూ అయితే రెండున్నర గంటలు, విరామం అదనం. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. ‘క్రిస్మస్ ఒరటోరియో’ అన్న పేరు చూసి, పక్కనున్న అంకెలు చూడకుండా 4–6 టికెట్టు కొనేస్తారు. అందరికీ తెలిసిన భేరీల ఆరంభం మొదటి భాగంలోది, అది వీళ్లకు దక్కదు.

ఆ ఆరంభం వెనక ఒక సంగతి ఉంది. 1733 డిసెంబరు 8న రాణి మరియా జోసెఫా పుట్టినరోజుకు బాఖ్ ఒక కాంటాటా (గాయకులకూ వాద్యాలకూ కలిపి రాసే చిన్న కృతి) కట్టాడు. అందులో మొదటి మాటే ‘మోగండి భేరీల్లారా’. మరుసటి ఏడు అదే సంగీతానికి క్రిస్మస్ సాహిత్యం పెట్టాడు. మాట మారినా భేరీ మాత్రం ముందే మోగుతుంది. ఆ తర్వాత కథ నడిపేది టెనర్ గాయకుడు. హరికథలో దాసుగారు వచనంలో కథ చెప్పి కీర్తన ఎత్తుకున్నట్టు, ఇక్కడ బైబిలు వాక్యం ముందు రాగయుక్తంగా చదివి, తర్వాత సోలో పాట అయిన ఏరియా, ఆపైన కోరస్ పాడే చర్చి కీర్తన కొరాల్ వస్తాయి. రెండో భాగంలో బూరలూ భేరీలూ ఉండవు. గొర్రెల కాపర్ల కోసం వేణువులు, సన్నాయి లాంటి ఒబో రకాలైన ఒబో డామోరె, ఒబో డా కాచ్చా వాయిస్తారు. ఒబో డా కాచ్చా వంపు తిరిగి, చివర ఇత్తడి గంటతో ఉంటుంది. నాలుగో భాగంలో రెండు కొమ్ములు, ఒక ప్రతిధ్వని ఏరియా ఉంటాయి. మొదటి భాగంలో వచ్చే తొలి కొరాల్ వరస, సాధారణంగా క్రీస్తు శ్రమలకు పాడే వరసే. ఆరో భాగం చివర బూరల మధ్య అదే మళ్లీ వస్తుంది. దాన్ని గుర్తుపట్టడానికైనా ఒకసారి ముందుగా విని వెళ్లాలి. సాహిత్యం జర్మన్‌లో ఉంటుంది కాబట్టి అనువాదం ఫోన్‌లో కాకుండా కాగితం మీద దగ్గర పెట్టుకోవడం మేలు. ఆ మసక వెలుతురులో ఫోన్ వెలిగితే పక్కవాళ్లు ఊరుకోరు.

ఇక్కడి థామనర్ కోర్ 1212 నాటి బాలుర గాయక బృందం. దానితో వాయించే గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రా ఎక్కువగా ఆధునిక వాద్యాలే వాడుతుంది. బరోక్ కాలపు, అంటే బాఖ్ నాటి వాద్యాలే కావాలంటే ఆ తరహా బృందం పేరు చూసి కొనాలి. వాళ్ల శ్రుతి అర శ్రుతి కిందికి, అంటే 415 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. చలికి పిల్లనగ్రోవి జాతి వాద్యాల శ్రుతి దిగుతుంది, జనం ఊపిరి తేమకు జంతువుల పేగుతో చేసిన తీగల శ్రుతి మారుతుంది. అందుకే భాగాల మధ్య శ్రుతి చేసుకుంటూ ఆగుతారు. అది ఆలస్యం కాదు.

టికెట్లు దొరక్కపోయినా, ఖర్చు భారమనిపించినా మొటెట్‌కు వెళ్లవచ్చు. శుక్రవారం సాయంత్రం 6 గంటలకు, శనివారం మధ్యాహ్నం 3 గంటలకు థామస్ చర్చిలో జరిగే సంగీత ఆరాధన ఇది. ప్రోగ్రామ్ కాగితం కొద్ది యూరోలకు కొనుక్కుంటే అదే ప్రవేశం. శుక్రవారం గంట సేపు ఎక్కువగా వాద్యాలు లేని కోరస్ పాట, శనివారం మామూలుగా ఆర్కెస్ట్రాతో బాఖ్ కాంటాటా ఉంటాయి. సీటు నంబర్లు ఉండవు. అడ్వెంట్ వారాల్లో, అంటే క్రిస్మస్‌కు ముందు వారాల్లో, తలుపులు తీయకముందే క్యూ చర్చి చుట్టూ తిరుగుతుంది కాబట్టి గంట ముందే చేరాలి. చప్పట్లు కొట్టరు. అందరూ లేస్తే లేవాలి, కాగితంలో అచ్చువేసిన కీర్తన వస్తే గొంతు కలపాలి. బడి సెలవుల్లో పిల్లలు ఉండరు, అతిథి బృందం పాడుతుంది. ఒరటోరియో కచేరీలున్న వారం మొటెట్ ఉందో లేదో చూసుకునే బయల్దేరాలి. డబ్బుకు తగ్గ విలువ అంటే నా లెక్కలో శనివారం మొటెట్‌దే.

డిసెంబరులో క్రిస్మస్ పాటల సాయంత్రాలు కూడా ఉంటాయి. ప్రెటోరియస్ 1609లో స్వరపరచిన గులాబీ పాట, లూథర్ రాసిన ఆకాశ దూత పాట, చివర్లో 1818 నాటి ‘శుద్ధరాత్రి’ లాంటివి వినవచ్చు. గుంటూరు లూథరన్ చర్చిల్లో పెరిగినవాళ్లకు ఈ వరసలు కొత్తవి కావు. అక్కడ లూథరన్ మిషన్ మొదలైంది 1842లో.

బసకు థామస్ చర్చి పక్కనే గది కోసం పాకులాడక్కర్లేదు. పాత ఊరంతా రింగు రోడ్డు లోపలే ఉంటుంది, హాప్ట్‌బాన్‌హోఫ్ (ప్రధాన రైల్వే స్టేషన్) నుంచి చర్చికి పదిహేను నిమిషాల నడక. సామాను ఉంటే ఎస్‌బాన్ (లోకల్ రైలు) ఎక్కి మార్క్ట్ స్టేషన్‌లో దిగవచ్చు. అడ్వెంట్ శనివారాల్లో గది అద్దెలు మండిపోతాయి. అలాంటప్పుడు దగ్గర్లోని హాలె ఊళ్లో ఉంటే నయం, ఎస్‌బాన్‌లో అరగంట పైచిలుకు దూరం. స్వరకర్త హ్యాండెల్ 1685లో పుట్టిన ఊరు అదే, అతని ఇల్లు ఇప్పుడు మ్యూజియం. రాత్రి చివరి బండి ఎన్నింటికో మాత్రం ముందే చూసుకోవాలి. బెర్లిన్ నుంచి లైప్‌జిగ్‌కు ఐసీఈ వేగ రైల్లో గంటా పావు. డాయిచ్‌లాండ్ టికెట్టు (నెలవారీ పాసు) ఐసీఈలో చెల్లదు, ప్రాంతీయ బండ్లలోనే.

చర్చిలో వేడి అంతంతమాత్రం. కోటు విప్పకుండానే కూర్చుంటారు. చెక్క బెంచీ మీదికి చిన్న మెత్త తెచ్చుకునేవాళ్లూ ఉంటారు, తెలివైన పని. టాయిలెట్ పని బయటే ముగించుకుని లోపలికి వెళ్లాలి.

మార్క్ట్‌ప్లాట్జ్‌లోని క్రిస్మస్ బజారు 1458 నాటిది. శాకాహారులు జున్నూ పుట్టగొడుగులూ పెట్టిన రొట్టె హాండ్‌బ్రోట్ తినవచ్చు గానీ, దాన్ని పందిమాంసంతోనూ చేస్తారు కాబట్టి అడిగి తీసుకోవాలి. మద్యం లేనిది కావాలంటే కిండర్‌పున్ష్. కప్పుకు డిపాజిట్ తీసుకుంటారు, తిరిగిస్తే డబ్బు వెనక్కి ఇస్తారు.

చర్చి ఎదురుగా ఉన్న బాఖ్ మ్యూజియం సోమవారం మూసి ఉంటుంది. హౌస్‌మన్ 1748లో గీసిన బాఖ్ చిత్రం అందులోనే ఉంది.

లైప్‌జిగ్ నుంచి డ్రెస్డెన్ రైల్లో గంటా పది నిమిషాల దూరం. అక్కడ క్రాయిట్స్‌కిర్షె అనే చర్చిలో దాని బాలుర బృందం క్రాయిట్స్‌కోర్ ఇదే ఒరటోరియో పాడుతుంది. ఆ చర్చి చాలా పెద్దది కాబట్టి టికెట్టు దొరికే అవకాశం ఎక్కువ. కానీ అంత పెద్ద చోట మాట స్పష్టత పలచబడుతుంది.

లైప్‌జిగ్ బజారు క్రిస్మస్‌కు ముందే, డిసెంబరు 22 లేదా 23కే ఎత్తేస్తారు. 24 మధ్యాహ్నం నుంచి 26 దాకా దుకాణాలు మూసే ఉంటాయి. ఆ రోజుల్లో ఉండేవాళ్లు బియ్యం, పాలు, కూరలు 23 సాయంత్రానికే కొని పెట్టుకోవాలి.