ఎన్‌కేఎఫ్: జపనీస్ ఫైల్ గుట్టు చెప్పడంలో దిట్ట, మార్చేటప్పుడు మాత్రం పగ్గం వెయ్యాలి

జపాన్ నుంచి వచ్చిన లాగ్ ఫైల్‌ని టెర్మినల్‌లో క్యాట్ (ఫైల్‌ని తెర మీద చూపే కమాండ్) కొడితే అక్షరాల బదులు చెత్త కనిపిస్తుంది. వెంటనే టెర్మినల్ సెట్టింగులు ఒక్కొక్కటే తిప్పి చూడటం మొదలుపెడితే తప్పు ఫైల్‌దో, టెర్మినల్‌దో ఇక తేలదు. ఆ ముడి విప్పే పనిముట్టు ఎన్‌కేఎఫ్. పూర్తి పేరు నెట్‌వర్క్ కాంజి ఫిల్టర్ (కాంజి అంటే జపనీస్‌లో వాడే చైనా మూలపు అక్షరాలు), 1987లో ఫుజిత్సులో పుట్టింది. ఉబుంటులో ఆప్ట్‌తో, మ్యాక్‌లో బ్రూతో ఇదే పేరున ఉచితంగా దొరుకుతుంది.

దాన్ని నడిపే ముందు టెర్మినల్ సంగతి తేల్చుకోవాలి. 'లొకేల్ చార్‌మ్యాప్' అని కొడితే యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) పేరు రావాలి. పుట్టీ (దూరపు మెషీన్‌కి కనెక్ట్ చేసే ప్రోగ్రాం)లో అయితే విండో కింద ట్రాన్స్‌లేషన్ పేజీలో రిమోట్ క్యారెక్టర్ సెట్ కూడా అదే ఉండాలి. అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వస్తుంటే అది ఫాంట్ లోపం, ఎన్‌కోడింగ్ జోలికి పోనక్కర్లేదు. బైనరీ ఫైల్ క్యాట్ కొట్టాక ప్రాంప్టే గీతలుగా మారితే 'రీసెట్' కొడితే చాలు.

ఇప్పుడు 'ఎన్‌కేఎఫ్ --గెస్' అని రాసి ఫైల్ పేరు ఇవ్వండి. 'షిఫ్ట్-జిస్, సీఆర్ఎల్ఎఫ్' అన్న తరహాలో ఎన్‌కోడింగ్‌తో పాటు లైన్ ఎండింగ్ కూడా చెబుతుంది. షిఫ్ట్-జిస్ పాత జపనీస్ ఎన్‌కోడింగ్, సీఆర్ఎల్ఎఫ్ విండోస్ తరహా లైన్ ముగింపు. ఈ పనిలో దీనికి పూర్తి మార్కులు. తడబడేది ఒకచోట: అర వెడల్పు కటకానా (సగం వెడల్పులో రాసే జపనీస్ ధ్వని అక్షరాలు) తప్ప ఇంకేమీ లేని చిన్న ఫైళ్లు. షిఫ్ట్-జిస్‌లో ఆ అక్షరాలు హెక్స్‌లో ఎ1 నుంచి డీఎఫ్ వరకు ఒక్కో బైట్. వాటినే రెండేసి చొప్పున చదివితే ఈయూసీ అనే మరో జపనీస్ ఎన్‌కోడింగ్‌లో కాంజిగానూ చెల్లుతాయి. అలాంటప్పుడు ఊహకు వదలకుండా పెద్ద -ఎస్ పెట్టి 'ఇది షిఫ్ట్-జిస్' అని మనమే చెప్పాలి.

మార్చడానికి చిన్న -డబ్ల్యు పెడితే యూటీఎఫ్-8 వస్తుంది. ఇక్కడే అసలు జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఎన్‌కేఎఫ్ మనం అడగని పనులు మూడు చేస్తుంది. మొదటిది, అర వెడల్పు కటకానాని పూర్తి వెడల్పుకి మారుస్తుంది. జపాన్ బ్యాంకులు డబ్బు బదిలీలకు వాడే జెంగిన్ ఫార్మాట్‌లో ఒక్కో రికార్డు సరిగ్గా 120 బైట్లు, పేర్లన్నీ అర వెడల్పు కటకానాలోనే. షిఫ్ట్-జిస్‌లో 'కా' ఒక బైట్ నుంచి రెండు బైట్లయితే ఆ రికార్డు మొత్తం పక్కకి జరిగిపోతుంది. చిన్న -ఎక్స్ పెడితే ఇది ఆగుతుంది. రెండోది, మెయిల్ హెడర్లలోని మైమ్ ఎన్‌కోడింగ్‌ని (మెయిల్‌లో పోవడానికి మామూలు అక్షరాల్లోకి మార్చిన రూపం) విప్పేస్తుంది, దాన్ని ఆపడానికి చిన్న -ఎమ్0. మూడోది అన్నిటికన్నా ప్రమాదం: గమ్యం ఎన్‌కోడింగ్‌లో లేని అక్షరాన్ని చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. తెలుగు కామెంట్లున్న సోర్స్ ఫైల్‌ని షిఫ్ట్-జిస్‌కి మారిస్తే ఆ తెలుగంతా ఎగిరిపోతుంది, ఒక్క ఎర్రర్ కూడా రాదు.

ఎన్‌కోడింగ్ మార్చే మరో పనిముట్టు ఐకాన్వ్ ఈ విషయంలో నిక్కచ్చి మనిషి లాంటిది. చెప్పిన ఎన్‌కోడింగ్‌లో లేని బైట్ తగిలితే అక్కడే ఆగిపోయి చెబుతుంది. సున్నా చుట్టిన 1 లాంటి విండోస్ అక్షరాల దగ్గర (87 40 బైట్లు) అది ఆగితే ఫైల్ పాడైందని కంగారు పడొద్దు. షిఫ్ట్-జిస్ బదులు దాని విండోస్ రూపమైన సీపీ932 అని ఇస్తే సాఫీగా పోతుంది. కాబట్టి ఏ ఎన్‌కోడింగో ఎన్‌కేఎఫ్‌ని అడగండి. ముఖ్యమైన డేటాని మాత్రం ఐకాన్వ్‌తో మార్చండి.

టెక్స్ట్‌ని వెతికే గ్రెప్, మార్చే సెడ్ లాంటివి వాడేది ఉంటే ముందే మార్చుకోవాలి. షిఫ్ట్-జిస్‌లో కటకానా 'సో' 83 5సీ, పట్టిక అనే అర్థమున్న 'హ్యో' కాంజి 95 5సీ. ఆ చివరి 5సీ మామూలు బ్యాక్‌స్లాష్ బైటే. అందుకే స్క్రిప్టు ఆ అక్షరం దగ్గరే తిక్కతిక్కగా ప్రవర్తిస్తుంది, మిగతా లైన్లన్నీ బాగానే ఉంటాయి.

ఫైల్‌ని అదే పేరు మీద మార్చాలంటే '--ఇన్-ప్లేస్=.బ్యాక్' వాడండి, పాత కాపీ మిగులుతుంది. అవుట్‌పుట్‌ని బాణం గుర్తుతో అదే ఫైల్‌కి మళ్లిస్తే ఎన్‌కేఎఫ్ చదివేలోపే షెల్ దాన్ని ఖాళీ చేసేస్తుంది. ఫైల్ బైట్లను చూపే ఎక్స్ఎక్స్‌డీలో ఈఎఫ్ బీఎఫ్ బీడీ అనే మూడు బైట్లు పదేపదే కనిపిస్తే ఎవరో ముందే తప్పుగా మార్చి సేవ్ చేశారని అర్థం. ఆ అక్షరాలు ఇక రావు, అసలు ఫైల్ మళ్లీ తెప్పించుకోవాల్సిందే.

ఫైల్ పేర్లే చెడితే ఎన్‌కేఎఫ్ పనికిరాదు, అది లోపలి రాతనే చూస్తుంది. విండోస్‌లో చేసిన జిప్ అయితే ఉబుంటు అన్‌జిప్‌కి పెద్ద -ఓ పెట్టి సీపీ932 ఇవ్వండి. ఇప్పటికే విప్పేసి ఉంటే ఫైల్ పేర్ల ఎన్‌కోడింగ్ మార్చే కాన్వ్‌ఎమ్‌వీ ఉంది. అది మొదట ఏ పేరు ఏమవుతుందో చూపించి ఊరుకుంటుంది. ఆ జాబితా సరిగ్గా ఉందనుకున్నాకే '--నోటెస్ట్' జోడించి మళ్లీ నడపాలి.