పద్మినీ పెట్రోల్ పంపు: 11 ఏళ్ల వాడకం తర్వాత

ప్రీమియర్ పద్మినీ కారు గురించి కొత్తగా పరిచయం చేయవలసింది ఏమీ లేదు. స్టీరింగు పక్కన ఉండే గేరు రాడ్డు, 1089 సీసీ ఇంజను, వేసవిలో పెనంలా కాలే సీట్లు మన ఇళ్లలో చాలామందికి అనుభవమే. 1987 నాటి మా పెదనాన్నగారి బండి 11 ఏళ్లుగా నా దగ్గర ఉంది. ఇక్కడ రాస్తున్నది దాని పెట్రోల్ పంపు, అంటే ట్యాంకులోని పెట్రోలును పీల్చి ఇంజనుకు అందించే భాగం గురించి మాత్రమే, ఎందుకంటే 14 నెలల పాటు ఆ పంపును నేను అన్యాయంగా నిందించాను, ఒకసారి దాని లోపలి రబ్బరు భాగాలు మార్చే కిట్ వేయించాను, ఆ తర్వాత ఏకంగా పంపునే మార్పించాను.

మొదటిసారి బండి మొరాయించింది అరకు వెళ్లేటప్పుడు. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలైన కాసేపటికి, రెండో గేరులో ఎక్సలరేటర్ పూర్తిగా నొక్కి ఉన్నా బండి లాగడం మానేసింది. కుదుపు లేదు, టప్పున ఆగిపోవడం లేదు. ఎండలో నడిచిన మనిషి సొమ్మసిల్లినట్టు మెల్లగా నీరసించి, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌లోంచి రెండుసార్లు తుమ్మి, ఆగిపోయింది. అందరూ చేసే పనే నేనూ చేశాను: బానెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ కప్పాను. పావుగంటకు స్టార్ట్ అయింది, రెండు కిలోమీటర్లు ఎక్కాక మళ్లీ అదే తంతు. నాలుగుసార్లు ఆగి అనంతగిరి చేరాము. తిరుగు ప్రయాణంలో మాత్రం ఎక్కడా ఆగలేదు, దిగువకు వచ్చాక చదును రోడ్డు మీద 60 వేగంతో ఏమీ ఎరగనట్టు పరుగెత్తింది.

వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరై పంపు పీల్చలేకపోతోందని, దాన్నే వేపర్ లాక్ అంటారని అందరూ చెప్పారు, తడిగుడ్డ పనిచేసింది కనుక నేనూ నమ్మాను. మొదటి మెకానిక్ పంపుకు కిట్ వేశాడు. రెండో ఆయన కార్బురేటర్ విప్పి జెట్లు, అంటే పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాలు కడిగాడు, పెట్రోలు లైనులో కంప్రెషర్ గాలి కొట్టి శుభ్రంగా ఉందన్నాడు, ఆ మాట నిజమే. మూడో ఆయన ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే కాయిల్, కండెన్సర్, పాయింట్లతో పాటు పంపును కూడా మార్చాడు. ఇంతా అయ్యాక డిసెంబరులో, మంచు ఇంకా విడవని ఉదయం పూట, అదే ఘాట్‌లో బండి మళ్లీ ఆగింది. ఆ చలిలో పెట్రోలు ఆవిరైందని నాకు నేను చెప్పుకోవడానికి కూడా నోరు రాలేదు.

పాతకాలం రకం పంపు తీసేసి కరెంటు పంపు బిగించమని అప్పటికి సలహాలు మొదలయ్యాయి. విజయనగరంలో ఒక పెద్దాయన మాత్రం నా కథంతా విని, "పంపు సంగతి తర్వాత చూద్దాం బాబూ, ముందు దానికి తాగడానికి దొరుకుతోందో లేదో చూద్దాం" అన్నారు. ఆయన చూపిన పద్ధతి ఇన్నేళ్లుగా నాకు తెలియనందుకు సిగ్గుపడ్డాను. బండి నీరసించిన క్షణంలోనే స్విచ్ కట్టేసి, ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బురేటర్ గొంతులోకి టార్చి వేసి, ఎక్సలరేటర్ లింకును చేత్తో కదపాలి. కార్బురేటరులో పెట్రోలు నిలవ ఉండే చిన్న గిన్నెలో, అంటే ఫ్లోట్ ఛాంబరులో పెట్రోలు ఉంటే కదిపిన ప్రతిసారీ సన్నని ధార చిమ్ముతుంది. నా బండిలో ఒక్క చుక్క రాలేదు. కాయిల్ మీద, కండెన్సర్ మీద నేను తగలేసిన డబ్బు వృథా అని అక్కడే తేలిపోయింది.

తర్వాత ఆయన బండి ముందు భాగం పైకి ఉండేలా ఒక కల్వర్టు వాలు మీద నిలిపి, కాయిల్ తీగ ఊడదీసి, పంపు నుంచి వచ్చే పైపును గాజు సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించారు. పెట్రోలు వచ్చింది, కానీ ధారతో పాటు సోడాలో లేచినట్టు బుడగలు వచ్చాయి. చదునులో నిలిపి చూస్తే బుడగలు బాగా తగ్గాయి. చివరగా ట్యాంకును తప్పించి, పంపు పీల్చే గొట్టాన్ని ముందు కట్టిన చిన్న డబ్బాలోకి దించి కాసేపు గట్టు ఎక్కించారు. ఇది నిప్పుతో చెలగాటం, ఇంట్లో ప్రయత్నించవద్దు. బండి ఎక్కడా తడబడలేదు.

ఇక మిగిలింది వెనక ట్యాంకుకూ ఇనుప లైనుకూ మధ్య ఉన్న నాలుగు వేళ్ల రబ్బరు గొట్టం. బండి కింద పడుకుని దాన్ని వంచి చూస్తే, ఎండిన చెరువు అడుగులా పొడుగునా నెర్రెలు కనిపించాయి. తడి లేదు, వాసన లేదు. అది పంపు పీల్చే వైపు గొట్టం కాబట్టి పెట్రోలు బయటికి కారడానికి బదులు గాలి లోపలికి పోతోంది. చదునులో ఇంజను తాగేది తక్కువ, ఆ కాస్త గాలి లెక్కలోకి రాదు. ఘాట్‌లో ఇంజను ఎక్కువ తాగుతుంది, పైగా బండి ముక్కు పైకి లేవడంతో పంపు పెట్రోలును ఇంకా ఎత్తుకు పీల్చాలి. పీల్చే బలం పెరిగేకొద్దీ నెర్రెల్లోంచి గాలే ముందుగా వస్తుంది. తడిగుడ్డ చేసిన మేలు కూడా అప్పుడే అర్థమైంది. పావుగంట ఆగడం వల్ల నెర్రెల దగ్గర పీల్పు పోయేది, తర్వాత ఇంజను మెల్లగా తిరుగుతున్నంతసేపూ పంపు ఛాంబరును మళ్లీ నింపుకునేది. ఆ పేరు గుడ్డకు దక్కింది.

గొట్టం పాడవడానికి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే కారణమని చాలామంది అంటారు. పాత రబ్బరుకు ఇథనాల్ పడదన్నది నిజమే, అయితే ఆ గొట్టం ఎప్పుడు వేసిందో మా పెదనాన్నగారికే గుర్తులేదు, కాబట్టి నేరమంతా ఇథనాల్ మీద వేయలేను. ఇథనాల్‌కు తట్టుకునే ఎస్ఏఇ జె30 ఆర్9 రకం గొట్టం, రెండు కొత్త క్లిప్పులు వేయించాను. షెడ్డులో పడేసిన పాత పంపుకు డయాఫ్రమ్, అంటే లోపలి రబ్బరు పొర, మార్చి మళ్లీ అదే బిగించాను. ఇంజనులో తిరిగే కామ్‌షాఫ్ట్ తోస్తే పీల్చి, స్ప్రింగు బలంతో కార్బురేటరుకు ఎంత కావాలో అంతే పంపే ఆ చిన్న యంత్రం మీద నాకు ఇప్పుడు ముచ్చటగా ఉంది.

ఈ కారు ఎక్కడ ఆగినా ఏ ఊరి మెకానిక్ అయినా బాగుచేస్తాడని నేను చాలామందికి చెప్పాను. విప్పగలిగినవారు ఇప్పటికీ దొరుకుతారు; విప్పకముందు ఆలోచించేవారు నాకు నలుగురిలో ఒకరు దొరికారు. పంపులో లోపం లేదనీ అనను. డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు ఇంజను ఆయిల్లోకి దిగుతుంది, అందుకే నెలకోసారి ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తాను. పది రోజులు కదలకుండా ఉంటే ఛాంబర్ ఆరిపోయి చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి.

నేను నెలకు 200 కిలోమీటర్లకు మించి నడపను, ఆఫీసుకు వేరే కారు ఉంది, కాబట్టి ఈ పంపు నాకు చాలు. రోజూ నడిపేవారికి కరెంటు పంపు మేలు కావచ్చు, అయితే అది కార్బురేటరుకు తగిన తక్కువ ప్రెషరుది అయి ఉండాలి. ఇంజెక్షన్ కార్ల ఎక్కువ ప్రెషరు పంపు పెడితే, ఛాంబరు నిండగానే పెట్రోలును ఆపే ఫ్లోట్ సూది ఆగక పెట్రోలు పొంగుతుంది. గొట్టం మార్చాక రెండుసార్లు అనంతగిరి ఎక్కాను, ఎక్కడా ఆగలేదు. రెండూ చలికాలంలోనే. మే నెల మధ్యాహ్నం ఇంకా ఎక్కించలేదు కనుక, వేపర్ లాక్ అన్నది ఈ బండిలో లేనే లేదని మాత్రం ఇప్పుడే చెప్పను.