పిడి నుంచి మొన దాకా: సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ ఆయుధాల మీద ఒక కమ్మరి కొడుకు రివ్యూ

ఫైటింగ్ గేములు చాలావాటిలో చేతిలో ఆయుధం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. బటన్ నొక్కితే దెబ్బ తగులుతుంది, అవతలివాడి లైఫ్ తగ్గుతుంది, అంతే. నింటెండో స్విచ్ అనే గేమ్ మెషిన్ కోసం 2018 డిసెంబర్‌లో వచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్‌ను ఇన్నేళ్ల తర్వాత కూడా ఆడుతున్నానంటే, అందులో ఆయుధానికి ఇచ్చిన విలువే కారణం. కత్తి ఎంత పొడవు, ఎంత బరువు, ఎక్కడ తగిలితే ఎంత దెబ్బ, ఒకసారి విసిరాక చేయి మళ్లీ కుదురుకోవడానికి ఎంతసేపు పడుతుంది, అన్నీ లెక్కలోకి వస్తాయి.

మాది నల్లగొండ. నాయినది నకిరేకల్ దగ్గర ఊళ్లో కొలిమి, నాది టౌన్‌లో వెల్డింగ్ షాపు. కొడవలి గానీ గొడ్డలి గానీ చేతికి రాగానే ముందు పిడి పట్టి చూస్తాం, తర్వాత బరువు ఎటు మొగ్గుతుందో చూస్తాం, పదును సంగతి ఆఖరికే. ఈ గేమ్‌ను కూడా నేను అట్లనే చూశాను. గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, ఒంటరిగా ఆడే మోడ్ ఎన్ని గంటలు పడుతుంది అనేవి ఇందులో రాయడం లేదు. అవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. వేరే వేరే గేముల హీరోలందరినీ ఒక చోటికి తెచ్చి కొట్లాడించే సిరీస్ ఇది. 1999లో మొదలైంది, తీర్చిదిద్దింది మసహిరో సకురాయ్. మారియో, లింక్, పికాచు లాంటి నింటెండో వాళ్లే కాదు, బయటి కంపెనీల నుంచి కొనామి స్నేక్, క్యాప్‌కామ్ మెగా మ్యాన్, స్క్వేర్ ఎనిక్స్ క్లౌడ్, మైన్‌క్రాఫ్ట్ స్టీవ్ కూడా ఉన్నారు. మొదట్లో 8 మందే చేతికొస్తారు, ఆడుతూ పోతే మిగతావాళ్లు తెరుచుకుంటారు. డబ్బు పెట్టి కొనే క్యారెక్టర్లతో కలిపి 2021 అక్టోబర్‌కు మొత్తం 89 మంది అయ్యారు. ఇందులో లైఫ్ బార్ ఉండదు. దెబ్బ తిన్నకొద్దీ మీ శాతం పెరుగుతుంది, శాతం పెరిగినకొద్దీ తర్వాతి దెబ్బకు ఇంకా దూరం ఎగిరిపోతారు. స్టేజీ అవతల పడితే పోయినట్టే.

కత్తుల దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే నా మనసు దోచింది అక్కడే. ఫైర్ ఎంబ్లెమ్ అనే సిరీస్ నుంచి వచ్చిన మార్త్, లూసినా, రాయ్ అని ముగ్గురున్నారు. చూడటానికి ముగ్గురి కత్తులూ దాదాపు ఒకే పొడవు. మార్త్ కత్తి మొన తగిలితేనే అసలు దెబ్బ. అదే కత్తి మధ్యలో తగిలితే సగం బలం కూడా లేనట్టు అనిపిస్తుంది. రాయ్‌ది దీనికి పూర్తిగా తిరగేత. పిడి దగ్గరి భాగం తగలాలి, మొన తగిలితే వట్టిదే. లూసినా కత్తి ఎక్కడ తగిలినా ఒకే దెబ్బ.

ఇది చదివితే చిన్న తేడాలాగే ఉంటుంది. ఆడితే ముగ్గురూ మూడు రకాల మనుషులు. మార్త్‌తో ఆడేటప్పుడు అవతలివాడికి ఒక అడుగు దూరంలోనే ఉండాలి, వాడు మీదికొస్తుంటే వెనక్కి జరుగుతూ, ఆ దూరాన్ని కాపాడుకుంటూ. రాయ్‌తో అయితే భయం లేకుండా ఛాతీ మీదికి దూరాలి. మొన సరిగ్గా తగిలినప్పుడు మార్త్ కత్తి నుంచి వచ్చే శబ్దం వేరుగా ఉంటుంది, స్క్రీన్ వంక చూడకుండా కూడా దెబ్బ కుదిరిందని తెలిసిపోతుంది. కొలిమి దగ్గర సమ్మెట దెబ్బ సరైన చోట పడిందో లేదో నాయిన చెవితోనే చెప్తాడు, అచ్చం అలాంటి శబ్దం. కత్తి అంటే ఒకే వస్తువు అనుకోకుండా, పిడికీ మధ్యకీ మొనకీ వేరే వేరే విలువ కట్టిన మనిషికి చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

అదే సిరీస్ నుంచి ఐక్ అనే అతను కూడా ఉన్నాడు. రాగ్నెల్ అనే పెద్ద కత్తిని ఒంటిచేత్తో తిప్పుతాడు. ఒకసారి నాయిన పక్కన కూర్చుని చూసి, "గంత కత్తి ఒక్క చేత్తోని ఎట్ల లేపుతుండురా వాడు?" అని అడిగాడు. కానీ గేమ్ ఆ బరువును మరిచిపోలేదు. ఐక్ పెద్ద దెబ్బ వేయాలంటే ముందు కత్తిని వెనక్కి లాగి, ఊపు తెచ్చుకుని కొట్టాలి. ఆ లోపు చురుకైనవాడు రెండు దెబ్బలు వేసి పోతాడు. తగిలిందా, ఇక ఆ మనిషి స్టేజీ మీద ఉండడు.

జెల్డా గేముల హీరో లింక్ విషయానికొస్తే, ఒక మనిషి దగ్గర ఇన్ని సామాన్లు ఉండి కూడా గజిబిజి కాకపోవడం గొప్ప సంగతి. కత్తి, డాలు, విల్లు, బూమరాంగ్, బాంబు. ఈ గేమ్‌లో అతను బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ అనే జెల్డా గేమ్ వేషంలో వచ్చాడు కాబట్టి బాంబు కూడా అందులోని రిమోట్ బాంబే. ముందు బయటికి తీసి విసరాలి, తర్వాత మనం అనుకున్న క్షణంలో పేల్చాలి. అవతలివాడు దాన్ని అందుకుని తిరిగి మన మీదికే విసరొచ్చు, అయినా పేల్చే బటన్ మన చేతిలోనే ఉంటుంది. దగ్గర్లో ఉంటే మనకూ తగులుతుంది. విసిరిన బాణం నేల మీద పడి ఉంటే తీసుకుని, తర్వాతిసారి రెండు బాణాలు ఒకేసారి వదలొచ్చు. ఒంటి మీద దెబ్బ లేకుండా 0 శాతం మీద ఉన్నప్పుడు పెద్ద దెబ్బ వేస్తే కత్తి నుంచి వెలుగు ముక్క బయటికి దూసుకుపోతుంది, పాత జెల్డా గేముల్లో లైఫ్ నిండుగా ఉన్నప్పుడు జరిగినట్టే. డాలు సంగతి ఇంకా బాగుంటుంది. ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఎదుటి నుంచి వచ్చే బాణాలు, తూటాలు దానికి తగిలి ఆగిపోతాయి, మనం ఏ బటనూ నొక్కనక్కర్లేదు. డాలు పట్టుకున్నవాడికి డాలు పని చేయాలి కదా, చాలా గేముల్లో అది అలంకారానికే మిగిలిపోతుంది.

మెగా మ్యాన్‌ను నేను తక్కువ ఆడతాను, కానీ గౌరవం ఎక్కువ. 1987 నుంచి వస్తున్న అతని గేముల్లో ఓడించిన ప్రతి రోబో బాస్ ఆయుధం అతని సొంతం అవుతుంది. ఇక్కడ ఆ చరిత్రంతా ఒంట్లో పెట్టుకుని వచ్చాడు. ఒక్కో బటన్ ఒక్కో పాత బాస్ ఆయుధం. మెటల్ బ్లేడ్ అనే రంపపు చక్రాన్ని ఎనిమిది దిక్కుల్లో ఎటైనా విసరొచ్చు, కింద పడితే మాత్రం ఎవరైనా తీసుకోవచ్చు, శత్రువు కూడా. క్రాష్ బాంబర్ అవతలివాడి ఒంటికి అతుక్కుని టిక్కుటిక్కుమంటుంది. వాడు వచ్చి మనల్ని తాకితే మనకే అంటుకుంటుంది. నలుగురు కూర్చుని ఆడేటప్పుడు ఆ బాంబు ఒకరి నుంచి ఒకరికి మారుతుంటే ఇల్లంతా అరుపులే.

స్నేక్ దగ్గర ఉన్న సామాను గురించి చెప్పాలంటే ఒక రివ్యూ చాలదు. గ్రెనేడ్లు, నేలలో పాతిపెట్టే మందుపాతర, ఒంటికి అంటించే సీ4 అనే పేలుడు ముద్ద, నికిటా అనే రిమోట్ మిస్సైల్. నికిటా నాకు ఎక్కువ ఇష్టం. మిస్సైల్ గాల్లో తిరుగుతున్నంతసేపూ దాన్ని నడిపేది మనమే, అంతసేపూ స్నేక్ మాత్రం ఉన్నచోటే కూర్చుని ఉంటాడు, ఎవరైనా వచ్చి కొట్టొచ్చు. అంత దూరం చేరే ఆయుధానికి అంత ఖరీదు కట్టాల్సిందే. గ్రెనేడ్లు విసిరినవాడినీ వదలవు. తొందరపడేవాళ్లకు స్నేక్ వద్దు.

ఇక స్టీవ్. 2020 అక్టోబర్‌లో మైన్‌క్రాఫ్ట్ నుంచి వచ్చాడు. మా ఇంట్లో ఇతని కోసమే గొడవ. మా అక్క కొడుకు సెలవులకు మిర్యాలగూడ నుంచి వచ్చాడంటే స్టీవ్ తప్ప వేరేవాడిని పట్టుకోడు. మిగతావాళ్లలో ఆయుధం ఉన్నవాళ్లు దాన్ని చేతపట్టుకునే స్టేజీ ఎక్కుతారు. స్టీవ్ మాత్రం కొట్లాట మధ్యలో నేలను తవ్వుకుని, కట్టె, రాయి, ఇనుము, బంగారం, వజ్రం ఏరుకుని, తన పనిముట్లు తనే చేసుకోవాలి. పక్కన ఒక బల్ల ఉంటుంది, దాని దగ్గర నిలబడి చేసుకోవాలి. అవతలివాళ్లు ఆ బల్లను పగలగొట్టొచ్చు, మళ్లీ తెచ్చుకోవడానికి ఒక బటన్ ఉంది.

నాకు కళ్లు చెమర్చినంత పనయింది మాత్రం పనిముట్లు అరిగిపోవడం చూసి. కత్తి, గొడ్డలి, గునపం వాడినకొద్దీ అరిగి చివరికి విరిగిపోతాయి. కత్తి విరిగితే వట్టి పిడికిళ్లతో గుద్దాలి. కట్టెతో చేసింది త్వరగా పోతుంది, రాతిది కాస్త నయం, ఇనుముది ఇంకా నయం, వజ్రంది అన్నిటికన్నా బలమైనది. బంగారంతో చేసిన పనిముట్టు చకచకా తవ్వుతుంది, కానీ ఇట్టే విరిగిపోతుంది. మెత్తటి లోహమది, విరగక ఏం చేస్తుంది. మెరిసేదాన్ని గొప్పది చేయకుండా దాని గుణాన్ని దానికే ఉంచారు. ఏ ఫైటింగ్ గేమ్‌లోనూ అరుగుదలను ఇంత శ్రద్ధగా పెట్టడం నేను చూడలేదు.

గాల్లో ఉండి కిందికి దెబ్బ వేస్తే స్టీవ్ ఏం చేస్తాడో తెలుసా? దాగలి వేస్తాడు, అంటే కొలిమి దగ్గర ఇనుము పెట్టి కొట్టే దిమ్మ. ఇనుప దాగలిని కింద వేసి, దాని మీద తనే ఎక్కి దబ్బున దిగుతాడు. ఊరికే రాదు, చేతిలో ఇనుము ఉండాలి, వేసినప్పుడల్లా ఇనుము ఖర్చు అవుతుంది. మొదటిసారి చూసి అల్లుడు "మామా, తాత దాగలి!" అని ఎగిరాడు. నాయినను పిలిచి మరీ చూపించాం. మొన్న దసరాకు ఆయుధ పూజ చేస్తుంటే సమ్మెట, పట్టకారు, నా వెల్డింగ్ హోల్డర్ వరసలో అల్లుడు కంట్రోలర్ కూడా తెచ్చి పెట్టాడు. నాయిన ఏమీ అనలేదు, దానికీ పసుపు కుంకుమ పెట్టాడు.

యానిమల్ క్రాసింగ్ నుంచి వచ్చిన విలేజర్ గురించి కూడా చెప్పాలి. వీడి గొడ్డలి నాకు బాగా నచ్చింది. ముందు మొక్క నాటాలి, నీళ్లు పోయాలి, అది చెట్టవుతుంది, అప్పుడు గొడ్డలితో నరికి అవతలివాడి మీద పడేయాలి. చెట్టు నిలబడి ఉన్నంతసేపు గొడ్డలితో మనుషులనూ కొట్టొచ్చు. పారతో నేల తవ్వి పక్కనున్నవాడిని మెడ దాకా పూడుస్తాడు. ఎదుటివాడు విసిరిన బాణాన్నో బాంబునో జేబులో వేసుకుని, తర్వాత తీరిగ్గా తిరిగి విసురుతాడు. కాసిల్‌వేనియా అనే గేమ్ నుంచి వచ్చిన సైమన్ కొరడా దూరం నుంచి భలే అందుతుంది, ఒంటి మీదికి వచ్చినవాడితో మాత్రం కష్టం. అటాక్ బటన్ వదలకుండా పట్టుకుంటే కొరడా మెత్తగా వేలాడుతుంది, ఎటు కావాలంటే అటు ఊపుకోవచ్చు. మిస్టర్ గేమ్ అండ్ వాచ్ అనే క్యారెక్టర్ సుత్తి పూర్తిగా అదృష్టం మీద ఆధారపడింది. 1 నుంచి 9 వరకు ఏదో ఒక అంకె పడుతుంది, 9 పడితే పండగే, 1 పడితే దెబ్బ మనకే. పనిముట్టు అంటే నమ్మకం ఉండాలి, అందుకే నేను ఆ సుత్తి జోలికి పోను.

లోపాలు లేవని కాదు. ఫైర్ ఎంబ్లెమ్ ఒక్కదాని నుంచే 8 మందిని తెచ్చారు, అందులో ఎక్కువమంది కత్తివాళ్లే. వాళ్లలో ఇద్దరిని తీసేసి ఈటెవాడినో గదవాడినో పెట్టి ఉంటే ఎంత బాగుండేది. ఎనిమిది మంది ఒకేసారి ఆడొచ్చు గానీ, అప్పుడు కెమెరా అంత దూరం పోతుంది, మార్త్ మొన ఎక్కడుందో కనిపించదు. ఆయుధాలను ఆస్వాదించాలంటే ఇద్దరు, మహా అయితే ముగ్గురు ఆడండి, స్టేజీ మీద పడే వస్తువులను ఆఫ్ చేసుకోండి. లేకపోతే ఎవడో హోమ్ రన్ బ్యాట్ తీసుకుని ఒక్క దెబ్బకు అంతా తేల్చేస్తాడు, చేతిలో ఉన్న కత్తికి పని ఉండదు. స్విచ్‌లోనే చిన్న రకమైన స్విచ్ లైట్‌కు 5.5 అంగుళాల స్క్రీనే కాబట్టి, టీవీకి పెట్టుకునే మామూలు స్విచ్ అయితేనే ఈ గేమ్ తీసుకోమంటాను. కొత్త మెషిన్ స్విచ్ 2 ఉన్నా ఈ గేమ్ పాత కార్డు పని చేస్తుంది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఇక్కడ దొరికేవన్నీ ఇంపోర్ట్ ముక్కలే. నేను ఒక దుకాణంలో అడిగితే వాడిన కార్డును కొత్తదని చెప్పి అంటగట్టబోయారు. అట్ట మీద సీల్ చూసుకుని, వాళ్ల ఎదురుగానే మెషిన్‌లో పెట్టి చూడండి. గేమ్ కొన్నాక అదనపు క్యారెక్టర్లన్నీ ఒకేసారి కొనాల్సిన పని లేదు, విడివిడిగా కూడా అమ్ముతారు. ఒక్క క్యారెక్టర్‌కే డబ్బులున్నాయంటే స్టీవ్‌ను తీసుకోండి. ఇంకో క్యారెక్టర్‌కు కూడా ఉంటే మిన్ మిన్ అనే అమ్మాయిని తీసుకోండి, స్ప్రింగుల్లా సాగే చేతులు, కుడిచేతికి పెట్టే ఆయుధాన్ని మధ్యలో మూడు రకాలుగా మార్చుకోవచ్చు. మార్త్, రాయ్, లూసినా అదనపు డబ్బు లేకుండా గేమ్‌లోనే వస్తారు. ట్రైనింగ్ మోడ్‌లో ఒక బొమ్మను ఎదురుగా నిలబెట్టుకుని ముందు మార్త్‌తో, వెంటనే రాయ్‌తో, అదే దూరం నుంచి అదే దెబ్బ వేసి చూడండి. దెబ్బ శాతం పక్కనే చూపిస్తుంది.